పక్ కంటే ముందే అక్కడ ఉండాలి: ఐస్ హాకీ గోలీ నిలబడే తీరు, కదిలే తీరు

మా అమ్మాయి తొమ్మిదేళ్లప్పుడు ఐస్ హాకీలో గోలీగా, అంటే గోల్‌కీపర్‌గా, ఆడతానంది. మేముండేది టొరొంటో పక్కన మిస్సిసాగాలో. చలికాలం శనివారం తెల్లవారుజామునే పిల్లల్ని రింక్‌కి తీసుకొచ్చే తల్లిదండ్రుల్లో ఇప్పుడు మన తెలుగువాళ్లు కూడా కనిపిస్తున్నారు. గుంటూరులో కాలేజీ రోజుల్లో వికెట్ కీపింగ్ చేసినవాణ్ణి కాబట్టి మొదటి సీజన్ అంతా పాపకి "చేతులు ఇంకా వేగంగా కదపాలమ్మా" అని చెబుతూ వచ్చాను. అది తప్పు సలహా. తర్వాత నాలుగేళ్లుగా పిల్లల గోలీ ప్రాక్టీసుల్లో ఐస్ మీద సాయంగా ఉంటూ నేర్చుకున్నాక, ఆ తప్పు ఎక్కడుందో తెలిసింది.

చిన్న లెక్క వేయండి. షాట్ గంటకు 100 కిలోమీటర్ల వేగంతో, 20 అడుగుల దూరం నుంచి వచ్చిందనుకుందాం. పక్ (హాకీలో బంతికి బదులు వాడే గట్టి రబ్బరు బిళ్ల) నెట్ చేరడానికి పట్టేది సుమారు 0.22 సెకను. కన్ను చూసి, ఒళ్లు కదలడం మొదలుపెట్టడానికే మనిషికి దాదాపు అంత సమయం పడుతుంది. అంటే షాట్ బయల్దేరాక గోలీ చేయగలిగింది చాలా తక్కువ. మంచి గోలీ ఆపే షాట్లలో ఎక్కువ భాగం పక్ స్టిక్‌ని వదలకముందే ఆగిపోయి ఉంటాయి, ఎందుకంటే అతను సరైన చోట, కదలకుండా, సిద్ధంగా నిలబడి ఉన్నాడు. కింద రాసినవన్నీ ఆ స్థితికి చేరడానికి మెట్లు. స్కేటింగ్ ఓ మాదిరిగా వచ్చినవాళ్లను ఉద్దేశించి రాస్తున్నాను.

ముందు సామాను గురించి రెండు మాటలు

గోలీ స్కేట్ బ్లేడు మామూలు ఆటగాళ్ల బ్లేడు కంటే చదునుగా, ఐస్‌ని ఎక్కువ పొడవునా తాకేలా ఉంటుంది. ఎడమచేతికి పక్ పట్టుకునే గ్లవ్, కుడిచేతికి పలకలాంటి బ్లాకర్, అదే చేతిలో స్టిక్. కొందరు దీనికి తిరగేసి పట్టుకుంటారు. ఇక్కడ ఎక్కువమంది తల్లిదండ్రులు చేసే పొరపాటు స్టిక్ కొనేటప్పుడే జరుగుతుంది. "ఎలాగూ ఎదుగుతాడు కదా" అని ఒక సైజు పెద్దది కొంటారు. స్టిక్ కింది వెడల్పు భాగాన్ని ప్యాడిల్ అంటారు. అది మరీ పొడవైతే, వంగి నిలబడ్డప్పుడు కుడిచెయ్యి భుజం దాకా పైకి లేస్తుంది, లేదా స్టిక్ బ్లేడు ఐస్ మీద సగమే ఆనుతుంది. ఎన్ని ప్రాక్టీసులు చేసినా ఈ లోపం పోదు. షాపులోనే పిల్లాణ్ణి వంగి నిలబడమని, బ్లేడు నేల మీద పూర్తిగా ఆనిందో లేదో చూసి కొనండి.

నిలబడే భంగిమ

కబడ్డీలో కూతకొచ్చినవాడి కోసం కాచుకున్నవాడు ఎలా నిలబడతాడో గుర్తు తెచ్చుకోండి. మోకాళ్లు వంగి, బరువు మునివేళ్ల వైపు, ఎటైనా దూకడానికి సిద్ధంగా. గోలీ భంగిమ కూడా దాదాపు అంతే. పాదాలు భుజాల కంటే కాస్త ఎడంగా, బరువు రెండు బ్లేడ్ల లోపలి అంచుల మీద. మోకాళ్లు ముందుకు వస్తాయి, ఛాతీ మాత్రం పైకే ఉండాలి. నడుము దగ్గర మడిచేసి తల దించితే భుజాలు కిందికి దిగి నెట్ పై భాగమంతా ఖాళీ అవుతుంది.

చేతులు ఒంటి పక్కన కాదు, ఒంటికి ముందు ఉండాలి. పరీక్ష సులువు. ఎదురుగా పక్‌నే చూస్తూ ఉన్నప్పుడు గ్లవ్, బ్లాకర్ రెండూ కంటి చివర్లలో కనిపించాలి. కనిపించకపోతే అవి వెనక్కి పోయాయన్నమాట. స్టిక్ బ్లేడు స్కేట్ల ముందు దాదాపు ఒక అడుగు దూరంలో ఉండాలి. కాలివేళ్లకి ఆనించి పెడితే పక్ తగలగానే స్టిక్ వెనక్కి తగ్గడానికి జాగా ఉండదు, పక్ గట్టిగా తగిలి మళ్లీ ఎదుటివాడి ముందుకే పోతుంది.

ఇంట్లో అద్దం ముందు ఈ భంగిమలో ఒక నిమిషం నిలబడి చూడండి. తొడలు మండుతాయి. అందుకే పక్ అవతలి జోన్‌లో ఉన్నప్పుడు హాయిగా నిటారుగా నిలబడండి. సెంటర్ లైన్ దాటి వస్తుంటే సగం వంగండి, మన జోన్ మొదలయ్యే బ్లూ లైన్ దాటాక పూర్తిగా దిగండి. అరవై నిమిషాలూ వంగే ఉన్న గోలీకి ఆఖరి పది నిమిషాల్లో కాళ్లు పనిచేయవు.

కోణం: తాడుతో నేర్చుకునే పాఠం

నెట్ వెడల్పు 6 అడుగులు, ఎత్తు 4 అడుగులు. పక్ 3 అంగుళాల వెడల్పు, 1 అంగుళం మందం. ఈ నాలుగు అంకెలతో ఒక జామెట్రీ లెక్క తయారవుతుంది. కాగితం మీద చెబితే పిల్లలకు అర్థం కాదు, తాడు కడితే రెండు నిమిషాల్లో అర్థమవుతుంది.

మా పాప పదేళ్లప్పుడు ఒక నారింజరంగు నైలాన్ తాడు తీసుకెళ్లాను. మధ్యకి మడిచి, రెండు చివర్లూ రెండు పోస్టుల అడుగున కట్టాను. మడత దగ్గర పట్టుకుని ఎడమవైపు ఫేసాఫ్ చుక్క (ఆట మళ్లీ మొదలుపెట్టడానికి పక్ వేసే గుర్తు) దాకా లాగి, దాని మీద పక్ పెట్టి, తాడుని పక్ దగ్గరే ఐస్‌కి ఆనించి పట్టుకున్నాను. పక్ నుంచి నెట్ దాకా పొడుగాటి త్రికోణం వచ్చింది. "మధ్యలో నిలబడమ్మా" అన్నాను. వెళ్లి, తనకి మధ్య అనిపించిన చోట నిలబడింది. ఒకవైపు గ్లవ్ చెయ్యి మొత్తం తాడు బయట ఉంది. రెండోవైపు బ్లాకర్‌కీ తాడుకీ మధ్య నా మూర పట్టేంత ఖాళీ. తను కిందికి తాడు వైపు చూసుకుంది, ఏమీ అనలేదు. అర అడుగు పక్కకి జరిగింది. మళ్లీ చూసుకుని ఇంకొంచెం జరిగింది. తర్వాత చోట్లు మారాం. నేను నెట్ ముందు నిలబడ్డాను, తను పక్ వెనకాల ఐస్ మీద బోర్లా పడుకుని చూసింది. "నాన్నా, నీ కుడిపక్కంతా నెట్ కనిపిస్తోంది" అంది. నేను మాత్రం సరిగ్గా మధ్యలో ఉన్నాననే అనుకున్నాను.

ఆ పడుకుని చూడటమే అసలు పాఠం. మన కంటికి కనిపించే నెట్ వేరు, పక్‌కి కనిపించే నెట్ వేరు. షాట్ కొట్టేది పక్ ఉన్న చోటు నుంచి.

ఇందులో ఒక మెలిక ఉంది, పెద్దవాళ్లు కూడా ఇక్కడే దెబ్బతింటారు. కొట్టేవాడి ఒంటికి ఎదురుగా నిలబడతారు. కానీ పక్ వాడి ఒంటి ముందు ఉండదు, స్టిక్ చివర, ఒకవైపుకి మూడు నాలుగు అడుగుల దూరంలో ఉంటుంది. కుడిచేతివాటం వాడైతే వాడి కుడివైపు, ఎడమచేతివాటం వాడైతే ఎడమవైపు. వాడి ముఖం చూసి నిలబడితే నెట్‌లో ఒకవైపు తలుపు తీసి పెట్టినట్టే. మీ ఛాతీ ఎప్పుడూ పక్‌నే చూడాలి.

ఆటలో తాడు ఉండదు కదా, మరెలా తెలుస్తుంది? ఐస్ మీద గుర్తులు వాడండి. ఫేసాఫ్ చుక్కలు రెండూ గోల్ లైన్‌కి 20 అడుగుల ముందు, ఒకదానికొకటి 44 అడుగుల దూరంలో ఉంటాయి. నెట్ వెనక్కి తిరిగి చూడకుండా, ఆ చుక్కల్ని చూసి మీరు ఎటు ఉన్నారో లెక్క కట్టుకోవచ్చు. ఖాళీ దొరికినప్పుడల్లా గ్లవ్ వెనకభాగంతో ఒక పోస్టుని, స్టిక్‌తో రెండోదాన్ని తట్టండి. ప్రొఫెషనల్ గోలీలు ఆట మొత్తం అలా తడుతూనే ఉండటం మీరు టీవీలో చూసే ఉంటారు. అది అలవాటు కొద్దీ చేసే పని కాదు, తామెక్కడ ఉన్నామో సరిచూసుకోవడం.

ఎంత ముందుకి రావాలి

కోణం కుదిరాక వచ్చే ప్రశ్న లోతు. అదే తాడు త్రికోణంలో ముందుకి నడిచేకొద్దీ మీరు కాపాడాల్సిన వెడల్పు తగ్గుతుంది. పక్ నెట్‌కి సరిగ్గా ఎదురుగా 20 అడుగుల దూరంలో ఉందనుకోండి. గోల్ లైన్ మీదే నిలబడితే మూయాల్సింది 6 అడుగులు. మూడడుగులు ముందుకొస్తే 5.1 అడుగులు. నెట్ ముందు నీలిరంగు వేసిన గోలీ జాగా (క్రీజ్) కొస దాకా, అంటే 6 అడుగులు ముందుకొస్తే 4.2 అడుగులు.

ఎత్తు సంగతి ఎక్కువమంది ఆలోచించరు. పక్ ఐస్ మీద నుంచి పైకి లేస్తుంది. క్రాస్‌బార్ (నెట్ పై అడ్డకమ్మీ) కిందుగా లోపలికి పోవాల్సిన పక్, మీరు ఆరడుగులు ముందున్నప్పుడు మీ దగ్గర 2.8 అడుగుల ఎత్తుకి మించి ఉండకూడదు. దానికి పైన పోతే అది బార్ మీదుగా బయటికే పోతుంది. మోకాళ్ల మీద కూర్చున్న పెద్దమనిషి భుజాలు ఆ ఎత్తుని మూస్తాయి. గోల్ లైన్ మీద కూర్చుంటే మూయాల్సింది పూర్తి 4 అడుగులు, అప్పుడు మూయలేవు. పొట్టిగా ఉండే పిల్లలు నెట్‌లోపలికి అంటుకుపోయి నిలబడితే పైనుంచి గోల్స్ పడేది ఇందుకే. వాళ్ల చేతుల వేగాన్ని తప్పుపట్టకండి, రెండడుగులు ముందుకి రమ్మనండి.

అలాగని ఎప్పుడూ ముందుకే ఉండకూడదు. ఎడమ చుక్క దగ్గరున్న పక్‌ని కుడి చుక్క దగ్గరివాడికి పాస్ చేశారనుకోండి. నెట్ మధ్య నుంచి 6 అడుగుల దూరంలో ఉన్న గోలీ దాదాపు 9 అడుగులు జరగాలి. 3 అడుగుల దూరంలో ఉన్న గోలీకి నాలుగున్నర అడుగులు చాలు. కాబట్టి నేను పిల్లలకి చెప్పే పద్ధతి ఇది: పక్ ఉన్నవాడు ఒంటరిగా ఉండి, పాస్ ఇచ్చే దారి లేకపోతే క్రీజ్ కొసకి రండి. పక్కన ఇంకొకడు ఖాళీగా ఉంటే క్రీజ్ మధ్యకి తగ్గండి. పక్ నెట్ వెనక ఉంటే పోస్టుకి అంటుకోండి. మొదటి సీజన్‌కి ఈ మూడు చోట్లు చాలు.

కదలడం, ఆగడం

దూరం జరగాలంటే టీ-పుష్. వెళ్లాల్సిన వైపు కాలివేళ్లు తిప్పి, రెండో కాలితో గట్టిగా తోసి, ఒకే జారుడులో చేరి ఆగాలి. పక్ చుక్క నుంచి చుక్కకి మారినప్పుడు ఇదే. అడుగో రెండడుగులో జరగాలంటే షఫుల్. కాలివేళ్లు పక్ వైపే ఉంచి, పీతలా పక్కకి చిన్నగా జరగడం. ముందుకీ వెనక్కీ రావడానికి సీ-కట్, అంటే ఒక కాలితో ఐస్ మీద సీ ఆకారం గీస్తూ తోయడం. పక్ ఉన్నవాడు ఏ క్షణమైనా కొట్టేలా ఉంటే టీ-పుష్ చేయకండి, కాళ్ల మధ్య పెద్ద సందు తెరుచుకుంటుంది. అప్పుడు షఫులే దిక్కు.

ఏ కదలిక అయినా కళ్లతో మొదలవ్వాలి. ముందు తల తిప్పి పక్ ఎక్కడికి పోయిందో చూడాలి, తర్వాత చేతులూ స్టిక్కూ తిరగాలి, ఆ తర్వాతే కాళ్లు తోయాలి. చూడకుండా తోసేస్తే తప్పు చోటికి చాలా వేగంగా చేరుకుంటారు.

ఇప్పుడు నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే మాట. షాట్ స్టిక్ నుంచి వదిలే క్షణానికి మీరు ఆగి ఉండాలి. ఎడమకి జారుతున్న ఒంటితో కుడివైపు వచ్చిన పక్‌ని ఎవరూ ఆపలేరు. సరైన చోటికి ఇంకా అర అడుగు దూరంలో ఉన్నా సరే, వాడు కొట్టబోతున్నాడని తెలియగానే ఉన్నచోటే ఆగిపోండి. సరైన చోట జారుతూ ఉండటం కంటే దానికి అర అడుగు పక్కన స్థిరంగా ఉండటం మేలు. మా పాపకి ఇది అలవాటవ్వడానికి రెండేళ్లు పట్టింది. ఇప్పటికీ అలసిపోయినప్పుడు మొదట పోయేది ఇదే.

బటర్‌ఫ్లై

రెండు మోకాళ్లూ దగ్గరగా కిందికి దించి, పాదాలు రెండు పక్కలకీ విప్పి, ప్యాడ్ల ముందుభాగం షాట్ వైపు ఉండేలా ఐస్ మీద పరవడమే బటర్‌ఫ్లై. 1950లు, 60లలో ప్రొఫెషనల్ గోలీ గ్లెన్ హాల్ ఈ ధోరణికి దారి వేశాడు. 1980లలో మాంట్రియల్‌లో కోచ్ ఫ్రాంస్వా అలేర్ సాయంతో గోలీ పాట్రిక్ ర్వా దాన్ని ఒక పూర్తి పద్ధతిగా మలిచాడు. 1986లో ఇరవై ఏళ్ల వయసులో స్టాన్లీ కప్ (ఉత్తర అమెరికా ప్రొఫెషనల్ హాకీ లీగ్ ట్రోఫీ) గెలిచి, ప్లేఆఫ్స్‌లో అత్యుత్తమ ఆటగాడి బహుమతి కూడా అందుకున్నాడు. అప్పటి నుంచి ప్రపంచమంతా పిల్లలు మోకాళ్ల మీదికి దిగడం నేర్చుకుంటున్నారు.

ఎలా దిగాలి: కూర్చున్నట్టు కాదు, మోకాళ్లతో ఐస్‌ని గుద్దినట్టు. ముందు పిరుదులు వెనక్కి పోతే ఛాతీ వాలిపోతుంది, చేతులు కిందికి జారతాయి. నిలబడ్డప్పుడు చేతులు ఎంత ముందు ఉన్నాయో, దిగాక కూడా అంతే ముందు ఉండాలి. మోకాళ్ల మధ్య మిగిలే సందుకి స్టిక్ బ్లేడు తలుపులా అడ్డంగా నిలవాలి.

ఎప్పుడు దిగాలి: షాట్ వచ్చాక. ఇది రాయడం తేలిక. నిజానికి ఎదుటివాడు స్టిక్ ఎత్తగానే మోకాళ్లు వాటంతటవే వంగుతాయి. కాస్త పెద్ద పిల్లలతో ఆడేటప్పుడు కొట్టేవాళ్లు ఇది కనిపెట్టేస్తారు. ఒక్కసారి కొట్టినట్టు నటించి, మీరు దిగాక తీరిగ్గా భుజం పైనుంచి వేస్తారు. ఓపిక పట్టడం నేర్పడానికి నేను చేసేది ఒకటే: పది షాట్లలో నాలుగు ఉత్తుత్తివి కలుపుతాను. దిగితే లేచి మళ్లీ మొదటి నుంచి.

దిగాక వెంటనే ఏ కాలి మీద లేవాలి? పక్ ఎడమకి పోతే కుడికాలు ఎత్తి, దాని లోపలి అంచుతో తోసి ఎడమకి జారాలి. వెళ్లే దిక్కుకి అవతలి కాలు, అంతే. చాలామంది పిల్లలు దీనికి సరిగ్గా తిరగేసి చేస్తారు. ఈ ఒక్క కదలికనే ప్రతి ప్రాక్టీసులో ఇరవైసార్లు చేయించండి.

ఒక జాగ్రత్త. బటర్‌ఫ్లైలో తుంటి కీళ్లు లోపలికి మెలితిరుగుతాయి. కాళ్లు అంత వెడల్పు పోని పిల్లల్ని బలవంతంగా కూర్చోబెట్టకండి. గజ్జల దగ్గర నొప్పి వారం దాటి ఉంటే ప్రాక్టీసు ఆపి ఫిజియోకి చూపించండి. దీన్ని తేలిగ్గా తీసుకుని తర్వాత బాధపడిన గోలీలు ఎందరో ఉన్నారు.

ఆపాక పక్ ఎటు పోతుంది

షాట్ ఆపడంతో పని సగమే అయింది. పక్ తగిలి మళ్లీ నెట్ ముందే పడితే రెండో షాట్ మొదటిదానికంటే కష్టం. ఐస్ మీద వచ్చిన పక్‌ని స్టిక్ బ్లేడు కొద్దిగా వాల్చి మూలకి పంపాలి. బ్లాకర్‌కి వచ్చినది మణికట్టు బయటికి తిప్పి మూలకే. ఛాతీకి వచ్చినది మాత్రం భుజాలు ముందుకి వంచి ఒంటికి హత్తుకోవాలి, కిందపడగానే గ్లవ్‌తో మూసేయాలి. మూసేటప్పుడు స్టిక్‌ని గ్లవ్ ముందు అడ్డంగా పెట్టండి, ఎదుటివాళ్ల స్టిక్కులు వేళ్ల మీద పడవు.

పోస్టు దగ్గర

పక్ గోల్ లైన్ దగ్గరో, నెట్ వెనకో ఉన్నప్పుడు వాడే పద్ధతి రివర్స్ వీహెచ్ (వర్టికల్-హారిజాంటల్). పోస్టు వైపు ప్యాడ్ ఐస్ మీద గోల్ లైన్ వెంట పరిచి, ఆ కాలి స్కేట్‌ని గానీ ప్యాడ్‌ని గానీ పోస్టుకి ఆనించి, రెండో మోకాలు పైకి ఉంచి, ఒంటిని పోస్టు మీదికి వాల్చడం. లాస్ ఏంజెలిస్ గోలీ జొనాథన్ క్విక్ 2012లో స్టాన్లీ కప్ గెలిచిన రోజుల్లో ఇది బాగా వ్యాపించింది.

నా అభిప్రాయం చెబుతాను: పదకొండు, పన్నెండేళ్ల లోపు పిల్లలకి దీన్ని నేర్పడంలో తొందరపడుతున్నాం. చిన్న పిల్లాడు అలా వాలితే అతని భుజానికీ క్రాస్‌బార్‌కీ మధ్య పక్ సులువుగా పట్టేంత సందు మిగులుతుంది. పక్ ఇంకా చుక్క దగ్గర ఉండగానే అందులోకి దిగిపోయేవాళ్లని ప్రతివారం చూస్తాను. పోస్టుకి కాలు ఆనించి నిలబడి ఉండటం పిల్లలకి ఇంకా మంచి పద్ధతే. పక్ గోల్ లైన్‌కి దాదాపు సమానంగా వచ్చాకే కిందికి దిగాలి.

మూడు కష్ట సందర్భాలు

ఒంటరిగా దూసుకొచ్చేవాడు. ముందు క్రీజ్ దాటి రెండు మూడడుగులు బయటికి రండి. వాడు దగ్గరికొచ్చేకొద్దీ వాడి వేగంతోనే వెనక్కి జారండి. మరీ త్వరగా వెనక్కి పోతే షాట్‌కి చోటు, మరీ ఆలస్యమైతే చుట్టూ తిరిగిపోవడానికి చోటు. వాడి భుజాలు, కళ్లు చూడకండి, పక్‌నే చూడండి. ఇద్దరిలో ముందు కదిలినవాడే సాధారణంగా ఓడిపోతాడు.

ఇద్దరొచ్చి మన డిఫెండర్ ఒక్కడే ఉన్నప్పుడు షాట్ గోలీది, పాస్ డిఫెండర్‌ది. ఈ ఒప్పందం ఆటకి ముందే మాట్లాడుకోవాలి. ఐస్ మీద అరుచుకునే టైమ్ ఉండదు.

ముందు మనుషులు అడ్డంగా నిలబడి పక్ కనిపించనప్పుడు, మరీ కిందికి వంగి కాళ్ల సందుల్లోంచో, నిటారుగా లేచి భుజాల మీదుగానో ఏదో ఒక వైపు నుంచి పక్‌ని వెతుక్కోవాలి. దొరకకపోయినా కోణం వదలకండి. కనిపించని షాట్లు కూడా సరైన చోట ఉన్న ఛాతీకి వచ్చి తగులుతాయి.

ఐస్ లేని రోజుల్లో

గోడకి ఆరడుగుల దూరంలో నిలబడి ఒక చేత్తో టెన్నిస్ బంతి విసిరి రెండో చేత్తో పట్టండి. బంతి చేతిలో పడేదాకా కళ్లు దాని మీదే ఉండాలి, తల కూడా బంతితో పాటే తిరగాలి. రోజుకి వంద. హాల్లో మాస్కింగ్ టేపుతో ఆరడుగుల గీత గీసి, సాక్సులతో నున్నటి నేల మీద షఫుల్ చేయండి, ప్రతిసారీ ఒక క్షణం పూర్తిగా ఆగి మళ్లీ కదలండి. హైదరాబాద్‌లోనో విశాఖలోనో రోలర్ స్కేట్ల మీద హాకీ ఆడేవాళ్లకి కూడా కోణం, లోతు పాఠాలు ఇలాగే పనికొస్తాయి, త్రికోణం లెక్క ఎక్కడైనా ఒకటే. లద్దాఖ్ వైపు వెళ్లేవాళ్లకి చలికాలంలో లేహ్ చెరువుల మీద అసలైన ఐసే దొరుకుతుంది. ఎక్కువగా ఆ ప్రాంతం అమ్మాయిలే ఉన్న భారత మహిళల ఐస్ హాకీ జట్టు 2025 ఆసియా కప్‌లో కాంస్యం గెలిచింది.

గోల్ పడ్డాక

పడుతుంది. అందరికీ పడుతుంది. ఆ తర్వాతి ముప్పై సెకన్లకి కూడా ఒక పద్ధతి ఉండాలి, లేకపోతే టెన్షన్‌లో వెంటనే రెండోది పడుతుంది. మా పాప చేసేది ఇది: నెట్ మీదున్న సీసా తీసుకుని ఒక గుక్క నీళ్లు తాగుతుంది. క్రీజ్‌లో పేరుకున్న ఐస్ పొడిని స్కేట్‌తో పక్కకి తోస్తుంది. ఎడమ పోస్టు తడుతుంది, కుడి పోస్టు తడుతుంది, ఎదురుగా రెండు చుక్కల్నీ ఒకసారి చూస్తుంది. అప్పుడు రెండడుగులు ముందుకొచ్చి, మోకాళ్లు వంచి, సెంటర్‌లో రెఫరీ చేతిలో ఉన్న పక్ వైపు తల తిప్పుతుంది.